ఉత్తరం ముఖం ఇంటికి ఎండ

రాయచూరు పాత ఊళ్లో మా అక్క ఇల్లు సోమవారం పడగొట్టాలని నిర్ణయమైంది. అదే జాగాలో కొత్తది కడతారు. అక్కకు అభ్యంతరం లేదు, పాత కప్పు ప్రతి వానకూ కారుతోంది. ఒక్కటే అడిగింది, పడగొట్టేలోగా ఇంటి బొమ్మ కావాలని. ఫోటో వద్దట, ఇంకుతో గీసింది కావాలట. మాన్విలో ఒక ఆఫీసులో కట్టడాల నక్షాలు గీసి రిటైరైన పెద్దాయన ఒకరు నాకు తెలుసు. ఆయన్ని పిలిచాను.

శుక్రవారం కొలతలు రాసుకుని వెళ్లి, శనివారం బొమ్మ తెచ్చాడు. రాతి గోడ, చెక్క స్తంభాలు, అన్నీ సన్నటి గీతల్లో. చూరు నీడ గోడ మీద ఏటవాలుగా పడింది. నాకు నచ్చింది. నేను పత్రికలో పనిచేసినన్నాళ్లూ బొమ్మ ఎన్ని కాలమ్‌లలో పడుతుందో చూశాను గాని, నీడ ఎటు పడిందో చూడలేదు.

అక్క కళ్లజోడు పెట్టుకుని చూసింది.

"ఇల్లు మాదే. గీ ఎండ ఎవరిది, అన్నా?"

ఆయన తెల్లబోయాడు.

"మాది ఉత్తరం ముఖం ఇల్లు. చలికాలం అరుగు మీదికి ఎండ యాడికెల్లి వస్తది? ఇన్నేండ్లు ఆడ్నే కూసొని జాకెట్లు కుట్టిన, నాకు తెల్వదా?"

"నక్షాల వెలుతురు ఎడమ దిక్కు పైనుంచే వస్తది చెల్లె. ఆఫీసుల గట్లనే నేర్పిన్రు."

"అయితే ఆఫీసుకే ఇయ్యి."

ఆయన కాగితం చుట్టుకుని వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే వచ్చాడు. "యాడ కూసుంటవ్ నువ్వు?" అని అడిగి, అరుగు మీద అక్క కుట్టుమిషను పక్కన చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత వేలితో ఎదురింటి సున్నపు గోడను చూపించాడు. ఎండంతా దానిమీద పడి, అక్కణ్ణుంచి మెత్తబడి ఈ అరుగు మీదికి వస్తోంది. అందుకే నల్లగా ఉండాల్సిన చూరు అడుగుభాగం గోడకన్నా తెల్లగా ఉంది. స్తంభాలకు నీడే లేదు.

ఎదురుగోడకు ఆనుకుని కొత్త కాగితం మీద మొదలుపెట్టాడు. ఈసారి గీసినదానికన్నా వదిలేసిందే ఎక్కువ. చూరు కింద కాగితం ఉత్తదే, అయినా అక్కడ వెలుతురు కనిపించింది. గాఢమైన నలుపు ఒక్కచోటే, తెరిచిన తలుపు లోపల. దాన్ని చివరికి ఉంచాడు. అంతలో పొద్దు వాలింది, అదొక్కటి మిగిలిపోయింది.

సోమవారం పెద్దాయన మళ్లీ పెన్ను పట్టేసరికి మేస్త్రి మనుషులతో దిగాడు.

"ఎనక వంటింటికెల్లి మొదలువెట్టుండ్రి. ముందట పని నడుస్తున్నది," అంది అక్క.

"బొమ్మకోసం ఇల్లు ఆగాల్నా అమ్మా?" అని నవ్వుతూనే వెనక్కి వెళ్లాడు.

కాసేపటికి వంటింటి కప్పు తెరుచుకుంది. ఎన్నడూ లేని వెలుతురు ఇల్లంతా దాటి వచ్చి ముందు తలుపులో నిలబడింది. పెద్దాయన పెన్ను ఆగిపోయింది.

"చెల్లె, లోపల తెల్లగైపాయె. ఎట్ల గీద్దు?"

అక్క దుప్పటి తీసుకుని లోపలికి నడిచింది. వంటింటి గుమ్మానికి అడ్డంగా, రెండు చేతులెత్తి పట్టుకుంది. ముందు తలుపు లోపల మళ్లీ నల్లబడింది. అక్క కనబడటం లేదు.

"ఇప్పుడు సరిపాయెనా?"

"సరిపాయె. గని నలుపు రావాలంటె ఒక్కో వరస గీతల ఇంకు ఆరినంక మల్లొక వరస గీయాలె."

"ఎన్ని వరసలు?"

"నాలుగు."

"సచ్చిన! తమ్మీ, రా, నువ్వొక కొస పట్టు."

వెళ్లి పట్టుకున్నాను.