మెడ దగ్గర ముడి

మా అమ్మ దర్జీ. వీధిలో అందరికీ గుండీలమ్మ. ఎవరికేది నప్పుతుందో ఇట్టే చెప్పే మనిషి, తను ఏం వేసుకోవాలో తేలక ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

పెద్దమ్మకి మర్నాడు సాయంత్రం గుండె ఆపరేషన్. "నువ్వొస్తేగానీ నేను లోపలికి పోను" అని ఫోన్లో తేల్చేసింది. రైలైతే అందుకోలేం. అమ్మ విమానం ఎక్కడం అదే మొదలు.

"నైలాన్ వద్దే. ఇస్త్రీపెట్టె కింద అదెలా కరిగి అంటుకుంటుందో నాకు తెలుసు. ఏ నిప్పో అంటుకుంటే ఒంటిని వదుల్తుందా?"

"విమానంలో ఎవరూ ఇస్త్రీ చెయ్యరమ్మా."

"నోర్ముయ్."

చివరికి నూలుగుడ్డతో పొడుగు చేతుల కుర్తా, వదులు పైజామా కుట్టుకుంది. కూర్చుని కూర్చుని కాళ్లు వాస్తాయట, అందుకని కాస్త పెద్ద బూట్లు. పరుగెత్తాల్సొస్తే ఊడిపోకుండా వాటికి లేసులు. చలికి శాలువా. ఇనుముంటే విమానాశ్రయంలో తనిఖీ మెషిన్ కూస్తుందని ఎవరో బెదరగొట్టారు. అంతే, హుక్కులూ జిప్పూ పీకేసి అన్నిటికీ గుడ్డ నాడాలు కుట్టింది. మెడ దగ్గరా ముడే.

"ఇనప ముక్క దొరికితే నా పేరు మార్చుకుంటా" అంది.

మెషిన్ కూసింది.

వెనక వరస పెరిగిపోతోంది, మా విమానం పేరు మైకులో పిలుస్తున్నారు. తనిఖీ చేసే ఆవిడ తడిమి తడిమి మెడపట్టీ మడతలోంచి సూది లాగింది, దారంతో సహా. ఆఖరి కుట్టు అవగానే సూదిని అక్కడ గుచ్చుకోవడం అమ్మకి జన్మలో పోని అలవాటు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"ఉంచుకో తల్లీ, నన్ను మాత్రం పోనీ. మా అక్క ఎదురుచూస్తోంది" అంటూ అమ్మ ఆవిడ చేతులు పట్టుకుంది. ఆవిడ సూదిని డబ్బాలో పడేసి పొమ్మంది. పరుగెత్తాం. బూట్లు ఊడలేదు, అదొక్కటే నయం.

ఆసుపత్రికి చేరేసరికి పెద్దమ్మని స్ట్రెచర్ మీద తోసుకెళ్తున్నారు. ఆసుపత్రి గౌనుకి వీపు వైపు నాడా ఒకటి తెగిపోయింది. గుండె సంగతి దేవుడెరుగు, ఆవిడ బెంగంతా దాని మీదే.

"వచ్చావా! ఒళ్లంతా కనబడుతోందే. వీళ్లేమో కంగారు పెడుతున్నారు."

అమ్మ చెయ్యి అలవాటుగా మెడ దగ్గరికి పోయింది. సూది లేదు. మరుక్షణం తన మెడ దగ్గరి నాడా పర్రున లాగేసి, గౌను చిరుగులోంచి దూర్చి, రెండో నాడాతో కలిపి ముడేసింది. నర్సు చూసీ చూడనట్టు ఊరుకుంది.

"వదులుగానే కట్టానక్కా. ఊపిరాడుతోందా?"

"ఇప్పుడాడుతోంది" అంది పెద్దమ్మ.

తలుపు మూసుకుంది. తెరుచుకున్న కుర్తా మెడని పిడికిట్లో పట్టుకుని అమ్మ వణుకుతూ నిలబడింది. నేను శాలువా కప్పబోయాను.

"వద్దు, దాచు. అక్క బయటికొచ్చాక చలేస్తుంది" అంది.