ఆశన్న అంగీ చేతులు

1966 ఎండాకాలంలో ఒక బుధవారం పొద్దున, నిజామాబాదు గంజి బజారు ధర్మాదాయ సంఘం తరఫున పఠనాలయం తనిఖీకి వెళ్లిన ఆశన్న, అప్పుడే ఆకుపచ్చ రంగు వేసిన బల్ల మీద కూర్చున్నాడు. బల్లకు మూడు చెక్క పట్టీలు. లేచేసరికి ఆయన ధోతికీ మూడు పట్టీలు.

పఠనాలయం కుర్రవాళ్లు కిరసనాయిలు పెట్టి తుడిచారు. దాంతో పట్టీలు పోలేదు, కొంచెం వెడల్పయ్యాయి. ఆశన్న అలాగే సంఘం సమావేశానికి వచ్చాడు. రంగుకని ఇచ్చిన సొమ్ముతో నిజంగా రంగే కొన్నారా అని అధ్యక్షుడు భీమన్న సావుకారు ఆరా తీస్తుంటే, ఆశన్న వెనక్కి తిరిగి నిలబడ్డాడు. అంత స్పష్టమైన నివేదిక సంఘానికి అంతవరకూ అందలేదు.

గంజిలో పసుపు బస్తాలు అమ్ముడైనప్పుడల్లా ధర్మం పేరిట కొంత తీసి పక్కన పెట్టడం పాత ఆనవాయితీ. ఆ సొమ్మును ఊళ్లో మంచి పని చేసే చిన్న చిన్న సంఘాలకు పంచడం వర్తకులు పెట్టుకున్న ఈ సంఘం పని. ఆశన్న వర్తకుడు కాడు, దడువాయి. రెంజల్ నుంచి వచ్చి గంజిలో తూకాలు వేసేవాడు. పసుపు పట్టీ పట్టీ ఆయన చేతులు ఏడాది పొడుగునా పెళ్లికొడుకు చేతుల్లా ఉండేవి. తూకంలో ఎవరి పక్కా మొగ్గడని పేరు. అందుకే తనిఖీ కూడా ఆయన నెత్తినే పెట్టారు.

ధోతి సంగతి తర్వాత సంఘంలో ఒక పద్ధతి స్థిరపడిపోయింది. సాయం అడిగినవాళ్ల పని ఏదైనా సరే, ముందు ఆశన్న ఒంటి మీద రుజువు కావాలి. తాలీంవాళ్లు కుస్తీ గోదాలోకి కొత్త మట్టి అడిగారు. ఆశన్న వెళ్లి, సాయంత్రానికి నడుం పట్టుకుని వచ్చాడు. మట్టితోపాటు నూనె కూడా మంజూరైంది. నూనెలో సగం ఆయన నడుముకే పట్టిందని భార్య భూమవ్వ చాలా రోజులు చెప్పుకుంది.

అహ్మదీ బజారు వెనక కుల్సుమ్ అనే ఆవిడ బీడీలు చుట్టే ఆడవాళ్లకు కుట్టుపని నేర్పేది. ఉన్నవి కిరాయి మిషన్లు. సంఘం ఆ కిరాయి కడితే కేంద్రం ఉంటుంది, లేకపోతే మిషన్లు దుకాణానికి వెళ్లిపోతాయి. అక్కడ నేర్చుకునే చంద్రవ్వకు పొగాకు దుమ్ముతో దగ్గు పట్టుకుంది. బీడీల చాట ముట్టొద్దని డాక్టరు చెప్పాడు. ఆమెకు మిషను తప్ప వేరే దారి లేదు.

మొదటి ఏడాది తనిఖీ అంగీని చంద్రవ్వే కుట్టింది. ఆశన్న చేతులు మోచేతుల దాకా మడిచి సమావేశానికి వచ్చాడు. కాలరూ గుండీలూ చూసి కిరాయి మంజూరు చేశారు. ఆ ఏడాదంతా ఆయన చేతులు మడిచే తిరిగాడు. పసుపులో పనిచేసే మనిషి కదా అని సంఘంలో మేమంతా అనుకున్నాం. భూమవ్వ మాత్రం ఆ అంగీ ఉతికినప్పుడల్లా ఒక్కతే నవ్వుకునేది.

రెండో ఏడాదీ అంగీ చంద్రవ్వదే. ఆశన్న తొడిగి చూడగానే కుల్సుమ్ నొసలు కొట్టుకుంది. విప్పి ఇయ్యమని, గంటలో సరిచేయిస్తానని బతిమాలింది. చంద్రవ్వ మిషను వెనక తల దాచుకుంది.

"తూకం ఏసినంక బస్తాల చెయ్యి పెట్టద్దు, ఆపా," అన్నాడు ఆశన్న. అదే అంగీతో బయలుదేరాడు. ఈసారి చేతులు మడవలేదు.

కుల్సుమూ చంద్రవ్వా వెనకే వచ్చి సమావేశం గది గడప దగ్గర నిలబడ్డారు. ఆశన్న చేతులు చాపాడు. కుడి చెయ్యి మణికట్టు దగ్గర బుద్ధిగా ఆగింది. ఎడమ చెయ్యి వేళ్లు దాటి ఇంకా కిందికి పోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. చంద్రవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, దగ్గుకో ఏడుపుకో తెలియలేదు.

భీమన్న సావుకారు నవ్వలేదు. "గిదేం కుట్టుడు ఆశన్నా? ఒక చెయ్యి గింత పొడుగున్నది. గిసుంటోళ్లకు ధర్మం పైసలు మళ్ల ఎందుకియ్యాలె?"

ఆశన్న ఎడమ చేతి వేళ్లు వెతికి బయటికి తీసుకుని, నెమ్మదిగా చెప్పాడు.

"పోయినేడు రెండు చేతులు గిట్లనే ఉండె, సావుకారూ."