డొక్కలు కనబడని మోటారు సైకిలు

ఇది తరతరాలు పాడుకోవలసిన పగ. ఇందులో అవమానముంది, శపథముంది, రథాలున్నాయి, దుమ్ము రేగిన రణరంగముంది. చదివేవాళ్ళు గుండె చిక్కబట్టుకోవాలి.

అంత లేదు. మా నాయన ముళ్ళ మీద పడినాడు. మేము మోటారు సైకిలు కొన్నాం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో మార్కాపురం బజారులో ఒక పెద్ద గుడ్డల దుకాణం ఉండేది. ఆ షావుకారు కొడుకు మద్రాసులో చదువుకునేవాడు. సెలవులకు వస్తూ వస్తూ నల్లగా నిగనిగలాడే ఫట్‌ఫటీ ఒకటి వెంట తెచ్చాడు. మోటారు సైకిలును అప్పట్లో మేము అట్లాగే అనేవాళ్ళం. కళ్ళకు అద్దాలు, మెడలో పట్టు రుమాలు. ఒకనాడు గిద్దలూరు దారి మలుపులో మా ఎద్దుల బండి పక్కకు వచ్చి భోంయ్‌మని హారన్ కొట్టాడు. ఎద్దులు బెదిరి బండిని గుంతలోకి లాగాయి. నాయన నేరుగా నాగజెముడు పొదలో కూర్చున్నాడు. ఫట్‌ఫటీ ఆగలేదు. సంతకు పోయేవాళ్ళంతా మాత్రం ఆగి తీరిగ్గా నవ్వారు.

ముళ్ళు అమ్మ తీసింది. ఊరు తీయలేదు. నాయన ఎవరింటికి పోయినా "కూర్చో మామా" అని పీట వేసి, ఆయన నిలబడి ఉంటే ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు.

"వాణ్ణి అదే దారిలో, అదే బజారు చూస్తుండగా దుమ్ము తినిపించాల్రా," అన్నాడు నాయన, గోడకు ఆనుకుని. దానికి మనకూ ఒక మోటారు సైకిలు కావాలన్నాను నేను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. ఆ వయసులో పగ కన్నా మోటారు సైకిలు గొప్పది. రెండూ ఒకేసారి దొరుకుతుంటే ఎవడు కాదంటాడు?

కర్నూలులో ఒక సాయిబు మిలటరీవాళ్ళు వదిలేసిన బండ్లు బాగుచేసి అమ్మేవాడు. ఆయన షెడ్డులో రెండే మిగిలాయి. ఒకటి ఎర్రది. సన్నని నడుము, వెండిలా మెరిసే గొట్టం. మద్రాసులో కుర్రాళ్ళు అలాంటి దాని మీదే సముద్రం ఒడ్డున తిరుగుతారని విన్నాను. రెండోది మిలటరీ పచ్చ. పొట్ట పెద్దది, ఒళ్ళంతా బురద. చూడగానే చెప్పొచ్చు, అది ఏ సముద్రం ఒడ్డునా తిరగలేదు.

నాయన రెండింటి చుట్టూ సంతలో ఎద్దుల జత చుట్టూ తిరిగినట్టే తిరిగాడు. వీపు చరిచాడు. వెనక్కి నడిపించమన్నాడు, ముందుకు నడిపించమన్నాడు. ఎర్రదాని ఇంజను దగ్గర వంగి, వేడి పోవడానికి వరసగా పెట్టిన ఇనుప రేకులను వేలితో తడిమాడు.

"ఏంది సాయిబూ, డొక్కలు కనబడతా ఉండాయే? మేత చాలినట్టు లేదు."

"అయ్యో పెద్దాయనా, అవి అట్లనే ఉంటాయి. ఈ బండి గాలి లెక్క పోతాది."

"దీనికి డొక్కలు కనబడలేదే మరి?"

పచ్చదానికీ డొక్కలున్నాయి. బురద కప్పింది, అంతే. నేను ఆ మాట చెబితే, "రంగు చూసి తెచ్చుకున్నోడు దుక్కిలో ఏడుస్తాడ్రా," అన్నాడు. పైగా పచ్చదాని టాంకీ మీద ఒక సొట్ట ఉంది. ఎద్దుకున్నట్టు అది మంచి సుడి అన్నాడు. సాయిబు కూడా ఒక్క క్షణం ఆలోచించి, అవును మంచి సుడే అన్నాడు. వ్యాపారస్థుడు.

పచ్చదే కొన్నాం. నెల తిరగకముందే బండి నేర్చుకున్నాను. మంచి రోజు చూసుకున్నాం. మా ఇళ్ళలో కొత్త ఎద్దును మొదటిసారి కాడి కట్టేముందు ఏట్లో కడిగి పసుపు కుంకుమ పెడతారు. నేను లేచేసరికి నాయన పచ్చదాన్ని గుండ్లకమ్మ ఏట్లో పొట్టదాకా దించి, గడ్డిచుట్టతో రుద్దుతున్నాడు. దీపానికి బొట్టు పెట్టాడు. హాండిలుకు ఎద్దు మెడలోని మువ్వలపట్టెడ కట్టాడు. డొక్కలు బయటపడేసరికి మాత్రం వాటి మీద తన తుండుగుడ్డ కప్పాడు.

దారి మీదికి తెచ్చి తంతే బండి పలకలేదు. నేను తన్నాను, నాయన తన్నాడు, దారిన పోయే ఇద్దరు పుణ్యానికి తన్నారు. అప్పుడే మా పగవాడు నల్లబండి మీద వచ్చి ఆగాడు.

"ఏంది చిన్నాయనా, బండికి స్నానం చేయించినారా?"

అతను దిగి, ప్లగ్గు ఊడదీసి, మెడలో పట్టు రుమాలుతో తుడిచి, ఊది, మళ్ళీ బిగించి ఒక్క తన్ను తన్నాడు. బండి గర్జించింది. ఇంతకన్నా అతను మళ్ళీ మమ్మల్ని నాగజెముడులో తోసినా బాగుండేది.

"ఆ మలుపు కాడ మా ఎద్దులబండి పడిపోయినాది, గుర్తుందా అబ్బయ్యా?" అన్నాడు నాయన పళ్ళు బిగించి.

"ఏ బండి చిన్నాయనా? ఎవురికీ దెబ్బలు తగల్లేదు గదా?"

ఇన్నాళ్ళుగా ఆ పగను మేమిద్దరమే మోస్తున్నాం. అవతలివాడు ఒక చెయ్యి కూడా వెయ్యలేదు. నాయన నా చెవిలో, "వాడి రుమాలుకు మసి అంటిందిరా. కొంత తీరింది. మిగిలింది నువ్వు తీర్చు," అన్నాడు.

"నేను పలకల గని దాకా పోతన్నా. తోడు రారాదా తమ్ముడా?" అన్నాడతను.

నేను దాన్ని సవాలుగా తీసుకున్నాను. బజారు దాటేదాకా పక్కపక్కనే పోయాం. దుకాణాల ముందు జనం లేచి నిలబడ్డారు. అక్కడ, గిద్దలూరు దారి మొదట్లో, హాండిలు పిడి మెలితిప్పాను. మువ్వలు ఘల్లుమన్నాయి, దుమ్ము మేఘంలా లేచింది. వెనక్కి తిరిగి చూస్తే నల్లబండీ లేదు, అద్దాలూ లేవు, ఎర్రటి దుమ్ములో దగ్గే మనిషి ఒకడు ఉన్నాడు. ఆ దగ్గు నాకు సన్నాయిలా వినిపించింది. తిను, ఇంకా తిను అని అరిచాను.

మళ్ళీ చూసేసరికి అతను గని దారికి మళ్ళి, నాకు చెయ్యి ఊపుతున్నాడు. ఓడిపోయి తప్పుకున్నాడని నిర్ధారించుకున్నాను. మళ్ళీ వచ్చి అందుకుంటాడేమోనని ఆపకుండా ఇంకా చాలా దూరం గెలుస్తూ పోయాను. చివరికి పచ్చది రెండుసార్లు తుమ్మి, చేల మధ్య నిలబడిపోయింది.

జొన్నచొప్ప బండి తోలుకుంటూ ఒక పెద్దమనిషి ఎదురొచ్చాడు.

"ఏందబ్బయ్యా, ఈడ నిలబడినావు?"

"గెలిచినా మామా."

ఆయన ముందుకు చూశాడు, వెనక్కి చూశాడు. "ఎవురి మీద?"

చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన ఆగలేదు.

ఆ రోజుల్లో మార్కాపురం దాటితే కంభం దాకా పెట్రోలు దొరికేది కాదు.