మియావ్ అవ్వ ప్రయాణం

అదంతా సరే గానీ, మీ పసిబిడ్డకి విరేచనాలు ఆగకపోతే మీరైనా మియావ్ అవ్వ తలుపే కొడతారు. ఈ జినాన్ ఊళ్లో, మా సందులో కొట్టనివాళ్లెవరు? మందివ్వదు, చేతులతోనే వైద్యం. అరచేతులు రుద్ది వేడి చేసుకుంటుంది. అల్లం నీళ్లలో వేలు ముంచి బిడ్డ బొటనవేలి అంచు రాస్తుంది. బోర్లా పడుకోబెట్టి వెన్ను పొడుగునా చర్మాన్ని మెల్లగా చిటికెలతో పట్టుకుంటూ పైకి పోతుంది. పిల్లలు నవ్వుతారు. కొందరు ఆవిడ ఒళ్లోనే పని కానిస్తారు.

మాకో పట్టింపుంది. ఒక చెయ్యి మొదలుపెట్టిన బిడ్డని నయమయ్యేదాకా ఇంకో చెయ్యి ముట్టకూడదు. ఆ బిడ్డకి తగ్గేలోపు ఇంకో బిడ్డ వస్తుంది. అందుకే అవ్వ ఊరు దాటి ఎన్నేళ్లయిందో ఆవిడకే గుర్తులేదు.

యెన్‌తాయ్‌లో ఆవిడ అక్క ఉంది, రైల్లో పోవాల్సిన ఊరు. చూపు మసకబారుతోంది. "పూర్తిగా పోకముందే ఒకసారి రావే, నీ మొహం చూస్తాను" అని ఫోనులో అడిగింది. అప్పట్నుంచి అవ్వ కొత్త బిడ్డల్ని తీసుకోలేదు. అక్క కాళ్లకి గుడ్డజోళ్లు కుట్టి, వాటి మీద ఎర్రటి దానిమ్మ పూలు అల్లింది.

"ఇంత ఎరుపా, పెళ్లికూతురికా?" అన్నాను.

"దాని కళ్లకి ఆనాలి కదే."

ప్రయాణం రోజు పొద్దున్నే జోళ్ల మూటతో నా ఆవిరి రొట్టెల కొట్టు దగ్గర ఆగింది. దారికి రొట్టెలు కడుతుంటే పక్క వీధి లింగ్ బిడ్డనెత్తుకుని వచ్చింది.

"అవ్వా, వీడు రాత్రంతా కక్కుతూనే ఉన్నాడు."

"ఆసుపత్రికి పో తల్లీ. నా రైలు టైమైంది."

"వెళ్లొచ్చాను. మందు కూడా కక్కేశాడు. ఒక్కసారి చెయ్యి వెయ్యవా?"

"ఆవిణ్ణి పోనీ లింగ్," అన్నాను నేను.

అవ్వ బిడ్డ వైపు చూడలేదు. నా రొట్టెల కేసే చూస్తూ నిలబడింది. నేను ఆవిడ చేతుల కేసి చూశాను. అవి అప్పటికే ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి.

"ఈ మూట ఇక్కడుంచు. మధ్యాహ్నం బండికి పోతా," అంది నాతో.

వాడికి తగ్గేలోపు లింగ్ పక్కింటి పాపకి మొదలైంది. తర్వాత వానలు, దగ్గులు.

"అందరూ కలిసి నన్ను భలే కట్టేశారే," అంది ఒకసారి గుమ్మంలో కూర్చుని.

"చూడనని తలుపేసుకో అవ్వా."

"వేసుకుంటే ఏడుపు వినపడదా?"

మొన్న యెన్‌తాయ్ నుంచి అక్క కూతురు ఫోను చేసింది. వాళ్లమ్మకి ఇప్పుడు వెలుతురూ చీకటీ తప్ప ఏమీ తెలియడం లేదట. అవ్వ ఫోను పెట్టేసి, గుమ్మంలో కాచుకున్న బిడ్డని ఒళ్లోకి తీసుకుంది.

జోళ్ల మూట ఇంకా నా పిండి డబ్బా పక్కనే ఉంది. తీసుకుపోతానని అనదు, పంపించెయ్యమనీ అనదు.