నాన్న పాదాల మధ్య నల్లగాజు

టెక్కలిలో ఒక కాలేజీలో ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేస్తున్నాను. చదివింది మెకానికల్. మొన్నటి సైన్స్ ప్రదర్శనకి మిగతావాళ్ళు రోబోలు, సోలార్ బళ్ళు పెట్టారు. నేను ఎంచుకున్నది ఇనుము లేని కాలపు కత్తి.

పాత మెక్సికో ప్రాంతంలో జనం అబ్సిడియన్‌తో బ్లేళ్ళు తీసేవాళ్ళు. అబ్సిడియన్ అంటే అగ్నిపర్వతం లావా చల్లారినప్పుడు ఏర్పడే నల్లగాజు. దాన్ని ముందు గుండ్రటి దిమ్మలా చెక్కి, పైఅంచు మీద కర్రమొన ఆనించి, ఒంటి బరువంతా వేసి నొక్కుతారు. పక్కనుంచి సన్నటి పొడవాటి రేకు ఊడి వస్తుంది. అదే బ్లేడు. దిమ్మని కొంచెం తిప్పి నొక్కితే ఇంకొకటి. కొన్నిచోట్ల వర్తకులు బ్లేళ్ళు మోసుకెళ్ళేవాళ్ళు కాదట, దిమ్మలే మోసేవాళ్ళట. తీసేవాడు వెంట వెళ్ళి, కొనేవాళ్ళ ఊళ్ళోనే తీసి ఇచ్చేవాడు. ఎందుకో జీడిపప్పు వ్యాపారం చేసే పలాస మనిషికి విడమరిచి చెప్పక్కర్లేదు. దారిలో కుదుపులకి గుండు జీడిపప్పు బద్దయిపోతే ఎవరు కొంటారు?

ఆన్‌లైన్‌లో మూడు రాళ్ళు తెప్పించాను. వర్క్‌షాపులో వాటిని దిమ్మలుగా చేశాను. వైస్ అనే ఇనుప పట్టులో బిగించి నొక్కితే మొదటిది నిలువునా చీలింది. దాని దవడలకి రబ్బరు వేసి బిగిస్తే రెండోదీ అంతే. గాజుకి ఇనుప పట్టు పనికిరాదు. ఆ రోజుల్లో వాళ్ళు పాదాల మధ్య పట్టుకునేవాళ్ళు. మూడోదాన్ని తువ్వాల్లో చుట్టి, ప్రదర్శనకి ముందురోజు సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరు అక్కుపల్లి తెచ్చాను.

నాన్న గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కిడ్నీలు పాడయ్యాక సముద్రం మీద వేట మానేశాడు. రోజు విడిచి రోజు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటాడు. ఆ పొద్దున కూడా వెళ్ళొచ్చాడు.

"ఏటిరా, ఆ అద్దం ముక్కని అలగ సూత్తన్నావు?"

కథంతా చెప్పాను. దిమ్మలు మోసినవాళ్ళ సంగతి రెండోసారి చెప్పించుకున్నాడు. తర్వాత కాళ్ళు చాపాడు. వల బాగుచేసేటప్పుడు కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా పట్టడం మావాళ్ళ అలవాటు. నాన్న వేళ్ళు అలా పట్టి పట్టి చేతివేళ్ళలా విడివడి ఉంటాయి. దిమ్మని రెండు పాదాల మధ్య పెట్టుకున్నాడు. లాగి చూశాను, రాలేదు.

చేపలు కడుగుతున్న అమ్మ అరిచింది. "ఓలమ్మో! పొద్దున్నే సూదులెట్టించుకుని ఒచ్చినోడివి, నీకెందుకది?"

"సూదులెట్టింది సేతికే. కాళ్ళు ఖాళీగానే ఉన్నాయి. నొక్కరా!"

నేను తయారుచేసి తెచ్చిన, రాగిమొన దిగ్గొట్టిన సరుగుడు కర్ర నా రొమ్ముకి ఆనించుకుని లేచాను. అప్పుడు కనబడింది, నాన్న చేతికి కట్టిన దూది మీద ఎర్రచుక్క. ఇంటికొచ్చి అంతసేపైనా అది ఇంకా పెద్దదవుతూనే ఉంది. డయాలసిస్ చేసేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు. ఆ రోజంతా ఎక్కడా దెబ్బ తగలనివ్వొద్దని ప్రతిసారీ చెప్పి పంపుతారు. ఊడిన గాజు ఎటు పోతుందో లెక్క కట్టగలను. కాలు ఎటు కదులుతుందో కట్టలేను.

కర్ర దించేశాను. "ఇవాళ వద్దు నాన్నా."

"నామీద నమ్మకం లేదేటి?"

"మందు ఒంట్లో ఉంది."

నాన్న పాదాలు విప్పాడు. దిమ్మ ఇసకలో పడింది. నాన్న గోడవైపు తిరిగి కూర్చున్నాడు. జబ్బు చేశాక నాన్నని ఎవరూ ఏ పనికీ పిలవలేదని నాకు అప్పుడే తట్టింది. దిమ్మని ఉత్తినే బల్లమీద పెట్టి బొమ్మలు చూపిద్దాంలే అనుకుని పడుకున్నాను.

పొద్దున ఆటో వచ్చేసరికి నాన్న ఉతికిన చొక్కా వేసుకుని ముందే ఎక్కి కూర్చున్నాడు.

"నువ్వెక్కడికి?"

"నువ్వే సెప్పినావు కదేటి. రాయి ఎల్తంటే, తీసేవోడు ఎంట ఎల్లాల."

"ఎల్లనీరా," అంది అమ్మ. "ఇంట్లో ఉంటే నా బుర్ర తింతాడు."

దూది విప్పి చూశాను. పొడిగా ఉంది, మందు దిగినట్టే. అయినా పలాసలో బస్సెక్కి టెక్కలిలో దిగేదాకా మనసులో ఒకటే వరస. దూది ఉంది, కట్టు ఉంది, మందులషాపు కాలేజీ గేటుకి ఎదురుగానే. కిడ్నీల వల్ల నాన్న రోజుకి ఇంతే తాగాలని కొలిచిన నీళ్ళు సీసాలో ఉన్నాయి. ఎండకి తట్టుకోలేక ఎక్కువ తాగేస్తే? పిల్లలు మీదపడి తోసేస్తే? హైవే మీద బస్సు గతుకులో పడిన ప్రతిసారీ సంచిలో దిమ్మని తడుముకున్నాను.

కాలేజీ వరండాలో గోనెపట్టా పరిచాం. ల్యాబ్ కళ్ళద్దాలు ఇద్దరం పెట్టుకున్నాం. పాదాల మీద కప్పుకోమని తోలుముక్క ఇస్తే నాన్న పక్కన పడేశాడు.

ముందు నిలబడ్డ ఒకమ్మాయి, "అంకుల్, కనీసం చెప్పులేసుకోండి," అంది.

"సెప్పులకి పట్టుంటాదేటమ్మా?"

మొన ఆనించాను. ఇందులో ఒక చిక్కుంది. భయపడి సగం బరువుతో నొక్కితే చీలిక కిందిదాకా దిగదు. మధ్యలో బయటికి తిరిగి విరుగుతుంది. మొన జారితే నేరుగా కాలి మీదకే. నాన్న కాలు బాగుండాలంటే నేను జంకకుండా నొక్కాలి.

నాన్న తలెత్తి చూశాడు. "నేను పట్టు ఒగ్గనురా. నువ్వూ ఒగ్గకు."

ఒంటి బరువంతా వేశాను. టిక్కుమంది, అంతే. గోనె మీద నల్లటి రేకు పడింది, అంచుల్లోంచి వెలుతురు కనబడేంత పల్చగా. పిల్లలు దానిమీదకి వంగారు. ఒక లెక్చరర్ దానితో కాగితం కోసి చూపిస్తున్నట్టున్నాడు, చప్పట్లు వినబడ్డాయి. నేను మోకాళ్ళ మీద కూర్చుని నాన్న పాదాలు తిప్పి చూస్తున్నాను. మడమ, అరికాలు, వేళ్ళ సందులు. ఇసక తప్ప ఏమీ లేదు. ఇంకోసారి చూశాను.

"సక్కిలిగింతలెడతన్నావేటిరా!" అని కాలు లాక్కున్నాడు నాన్న.

పట్టాని పక్కకి దులిపి తెచ్చాను. ఈలోపు నాన్న దిమ్మని బొటనవేళ్ళతోనే కొంచెం తిప్పి, కొత్త అంచు నావైపు వచ్చేలా సర్దుకున్నాడు.

"ఊఁ. ఇంకోటి."

నాన్న పాదాలు మళ్ళీ ఒకసారి చూసుకున్నాను. కర్ర రొమ్ముకి ఆనించుకున్నాను.