వెరావల్ నుంచి పలకాలి

మొగుడు నిక్షేపంలా ఉండగా ఒక ఆడదాన్ని పట్టుకుని ముర్రాట ఎత్తొద్దనడానికి నోరెలా వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అన్నవాడు భావనపాడు కులపెద్ద కూర్మయ్య. అనిపించుకున్నది మా పెద్దమ్మ కూతురు అమ్మడు. నేను గోపీని, టెక్కలిలో కంప్యూటర్లు బాగుచేసే షాపు నాది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అంటారు. ఈ విషయంలో మాత్రం నా కోపం న్యాయమైనదే.

ఆ ఊళ్ళో మాఘమాసంలో గంగమ్మ సంబరం చేస్తారు. ఆడవాళ్ళు పసుపునీళ్ళ కుండలు నెత్తిన పెట్టుకుని గుడికి వస్తారు. వాటినే ముర్రాటలంటారు. కుండ దించే ముందు ఆ ఇంటి మగమనిషి పేరు మైకులో పిలవాలి, అతను ‘ఉన్నానమ్మా’ అని పలకాలి. డప్పు మీద మూడు దెబ్బలు పడేలోగా పలకకపోతే సముద్రంలో పోయినవాళ్ళలో కలిసినట్టే. అందుకని ఊళ్ళో లేనివాడి పేరు పిలవడమే మానేశారు. పేరు పిలవకపోతే కుండ దించడానికి వీల్లేదు. అందరూ ఇంటి ముందున్న సముద్రంలోనే వేటాడే రోజుల్లో ఇది చెల్లిందేమో. ఇప్పుడు సగంమంది మగాళ్ళు గుజరాత్‌లో, వెరావల్ బోట్ల మీద ఉంటున్నారు. వాళ్ళ కష్టంతోనే ఊళ్ళో పొయ్యి వెలుగుతోంది. వాళ్ళ పెళ్ళాలు మాత్రం సంబరం నాడు మెళ్ళో పుస్తెలుండగానే గుడి బయట ఓ వారగా కూర్చోవాలి. ఇదేం న్యాయమో ఆ గంగమ్మకే తెలియాలి.

ఇంతకీ ఆ పేర్లు పిలిచేది ఎవరనుకున్నారు? అమ్మడక్కే. ఊళ్ళో మైకుసెట్టు వాళ్ళదే. ఏ తెప్ప ఒడ్డుకొచ్చింది, ఏ చేప పడింది, గాలి ఎటు తిరుగుతోంది, రోజూ మైకులో చెప్పేది ఆవిడే. ఆ గొంతు రేవుదాకా వినిపిస్తుంది. అంతటి మనిషి సంబరం నాడు ఊరందరి మొగుళ్ళనీ పిలిచి, తన మొగుడు ఎల్లాజీ పేరు మాత్రం మింగేసి, మైకు కింద పెట్టి, వెళ్ళి వారగా కూర్చోవాలి. రెండేళ్ళు కూర్చుంది. మూడో ఏడు కూర్మయ్యని నిలదీసింది.

“పలికితే పిలు. పలకనోడ్ని పిలిసి నీ మొగుణ్ణి నువ్వే సంపుకుంటావేటే?” అన్నాడట ఆయన.

మర్నాడు పొద్దున్నే అక్క మా షాపులో ఉంది, వెరావల్ నుంచే బావ చేత పలికించే దారి చూడమంటూ. ఫోన్లో వినిపించే పని కాదని అంతకుముందే తేలిపోయింది. మైకు దగ్గర ఫోను పెడితే కూత, ఆ కూత మీద డప్పులు, అటువైపు ఒక్క ముక్క అర్థం కాలేదట. పైగా మగాళ్ళు తలో బోటు మీద ఉంటారు, ఒక ఫోను ఎంతమందికని వినిపిస్తుంది? మైకుసెట్టు నుంచి శబ్దాన్ని తిన్నగా తీసుకుని నెట్‌లోకి పంపే సాఫ్ట్‌వేర్ ఉందని, దాన్ని అరచేతిలో పట్టే లినక్స్ కంప్యూటర్‌లో వేస్తే వెరావల్లో ఎవరి ఫోన్లో వాళ్ళు వినొచ్చని చెప్పాను. చెప్పడం తేలికే.

ఆ చిన్న కంప్యూటర్‌కి ఇయర్‌ఫోన్ కన్నం ఉంటుంది. ఆంప్లిఫయర్ తీగ తెచ్చి అందులో గుచ్చితే ఉలుకూ లేదు పలుకూ లేదు. పొద్దంతా తీగలు మార్చి చూశాను. ఆఖరికి తెలిసిందేమిటంటే, ఆ కన్నంలోంచి శబ్దం బయటికి వస్తుందే తప్ప లోపలికి పోదు. పెట్టె మీద ఆ ఒక్క ముక్కా రాస్తే వాళ్ళ సొమ్మేం పోయేది? నెట్‌లో ఓ చర్చావేదికలో అడిగితే ఒక మహానుభావుడు, ముందు మాన్యువల్ చదువుకో నాయనా అని రాశాడు. చదివాకే అడిగానురా అని రాసి, మళ్ళీ చెరిపేశాను. విజయనగరం నుంచి యుఎస్‌బీ సౌండ్‌కార్డు తెప్పిస్తే అక్క గొంతు లోపలికి వెళ్ళింది. శబ్దాన్ని బయటి ఊళ్ళకి అందించడానికి నా క్లాస్‌మేట్ ఒకడు తన సర్వర్‌లో చోటిచ్చాడు.

ఇక సాఫ్ట్‌వేర్. పగలంతా అక్క ఇంట్లో కూర్చుని ఎక్కిస్తాను, పొద్దున్నే వచ్చి చూస్తే మెషీన్ చచ్చి ఉంటుంది. మళ్ళీ మొదటినుంచి. సిగ్గులేకుండా తేదీ కూడా పాతదే చూపిస్తుంది. ఆ తేదీ పట్టుకుని, నేను దింపే ఫైళ్ళు ఇంకా చెల్లుబాటులోకి రాలేదంటుంది. నిన్నటి ప్యాకేజీ రేపటిదట! చేత్తో తేదీ దిద్ది మళ్ళీ ఎక్కించాను. మర్నాటికి మళ్ళీ అదే కథ. మెమరీ కార్డు మార్చాను, చార్జరు మార్చాను, ఆ చర్చావేదికలో వాళ్ళని మనసులో బండబూతులు తిట్టాను.

ఒక సాయంత్రం అక్కడే ఉండిపోతే అసలు సంగతి బయటపడింది. అక్క అత్తగారు గురమ్మ దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని, నేరుగా వెళ్ళి ఫ్యూజు పీకేసింది. ఉప్పుగాలి పట్టిన తీగల మీద మంచు పడితే స్తంభాల దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి. అందుకని చలికాలంలో దీపాలవేళ ఫ్యూజు పీకడం ఆ వీధి అలవాటు. ఈ మెషీన్‌ని చెప్పి ఆపాలి. ఉన్నపళంగా కరెంటు తీస్తే కార్డులో రాతంతా పాడైపోతుంది. సొంత గడియారం లేదు కాబట్టి తేదీ కూడా మరిచిపోతుంది. ముసలమ్మ మీద అరవబోయాను.

“కొంప అంటుకుంటే నీ డబ్బా ఆర్పుతాదేటిరా?” అంది గురమ్మ.

నిజమే, ఆవిడ తప్పేముంది? దీపం పెట్టే ముందు నాకో కేకెయ్యమన్నాను. వెయ్యడమే కాదు, అక్కడి నుంచి రోజూ ‘ఒరే గోపీ, నీ పిల్లని పడుకోబెట్టు’ అంటూ నన్ను ఆటపట్టించింది. ఆ రోజు నుంచి సాఫ్ట్‌వేర్ నిలబడింది.

ఒక్కటి మాత్రం నా చేతిలో లేకపోయింది. ఇక్కడ మాట్లాడింది సర్వర్‌కి వెళ్ళి, అక్కడినుంచి ఫోన్లకి చేరి, ఫోన్లు కొంత పోగేసుకున్నాక వినిపిస్తాయి. ఎన్ని సెట్టింగులు తగ్గించినా ఆలస్యం పూర్తిగా పోలేదు. అప్పుడు వాళ్ళు నా ఫోనుకి కలిపి పలకాలి, నేను ఆ ఫోన్ని మైకులో వినిపించాలి. మూడు దెబ్బల్లో అయ్యే పని కాదని అక్కకి చెప్పేశాను.

“ఆలీసమైనా వస్తాదా?” అంది.

వస్తుందన్నాను.

సంబరం నాడు వెరావల్ వాళ్ళ పెళ్ళాలందరూ కుండలెత్తుకునే వచ్చారు. అందరికంటే ముందు అమ్మడక్క నిలబడింది, నెత్తిన ముర్రాట, చేతిలో మైకు. కూర్మయ్య మొహం గంటు పెట్టుకున్నాడు గానీ పిలవొద్దనలేదు. పలకరని ఆయనకంత ధీమా.

“గురమ్మ కొడుకు ఎల్లాజీ,” అని పిలిచింది.

ఒక దెబ్బ పడింది, రెండో దెబ్బ పడింది, మూడోదీ పడింది. నా ఫోను మోగలేదు. గురమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. ఇంక చాలన్నట్టు కూర్మయ్య చెయ్యి ఊపాడు. తరవాతి పేరు పిలవమన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క కదల్లేదు. కుండ దించలేదు. కూర్మయ్య వైపు తిరిగి మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది.

“మావా, తెప్ప రాకపోతే రెండ్రోజులు ఒడ్డున కూకుని సూస్తాం. పోయాడని ఎవులమూ అనం. నీ కోసం మీయమ్మ అలాగే సూసింది. మనిసి కోసం అంతసేపు సూసినోళ్ళం, మనిసి మాట కోసం ఇంతసేపు సూడలేమేటి? నేను సూస్తాను. నువ్వూ సూడు.”

డప్పు కొట్టేవాడు కర్రలు దించేశాడు. కుండ అంచు మీంచి పసుపునీళ్ళు అక్క చెంప మీదికి కారుతున్నాయి. అప్పుడు నా ఫోను మోగింది. మైకుకి ఆనించాను.

“ఉన్నానమ్మా. ఎల్లాజీని, ఉన్నాను,” అన్నాడు మా బావ. వెనక బోటు ఇంజను చప్పుడు.

గురమ్మ బావురుమంది. అక్క కుండ దించి అమ్మవారి ముందు పెట్టింది. ఆవిడ ఇంకో పేరు పిలవకముందే ఫోను మళ్ళీ మోగింది. పెట్టేస్తే మళ్ళీ మోగింది. అక్క కూర్మయ్యతో అన్న మాటలు అప్పటికి వెరావల్ చేరినట్టున్నాయి. ఇంకా పిలవని వాళ్ళందరూ ఒకరి తరవాత ఒకరు ఉన్నానమ్మా, ఉన్నానమ్మా అంటున్నారు. ఏ గొంతు ఎవరిదో కుండలు మోస్తున్న ఆడవాళ్ళే గుర్తుపట్టి చెబుతున్నారు.

కూర్మయ్య ఆ ఫోను వంక చూశాడు. తరవాత డప్పు వాణ్ణి పక్కకి జరగమని, గుడి గట్టు మీద కూర్చున్నాడు.

“పిలవ్వే అమ్మడూ. ఒక్కొక్కర్నీ పిలు. సూద్దాం,” అన్నాడు.