పేచ్చిముత్తు వట్టికాళ్లు

రాజపాళయం పాత బస్టాండు గోడ పక్కన గోనెపట్టా పరిచి కూర్చునే ముందు పేచ్చిముత్తు తన చెప్పులు విప్పి వెనక్కి పెడతాడు. కుట్టే ఆరె, తోలుకత్తి, ఇనుప దిమ్మె ఎదురుగా ఉండగా కాళ్లకు చెప్పులుండకూడదని అయ్య నేర్పిన మర్యాద. ముప్పై ఎనిమిదేళ్లుగా తప్పలేదు. ఆ చెప్పులు ఆయన కుట్టుకున్నవే. అంగడి సరుకు వాటి ముందు దిగదుడుపే.

పంగుని నెల ఎండలో విమల్ వచ్చాడు. తోటలున్న ఇంటివాడు, దానాలు చేసి వీడియోలు పెడుతుంటాడు. ముసలాయన వట్టికాళ్లు చూసేసరికి కరుణ పొంగింది. కరుణ పొంగితే ముందు ఫోను తీయడం ఈ కాలపు అలవాటు. కొత్త చెప్పుల జత తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

పేచ్చిముత్తు అది రిపేరుకనుకున్నాడు. తిరగేసి, వంచి, కళ్ల దగ్గరికి తెచ్చుకుని అతుకు చూశాడు. "ఇది నిలవదు తంబి" అన్నాడు కూడా. వీడియోలో ఆ మాట లేదు, ఏడుపు సంగీతం ఉంది. కింద రాత: ఊరందరికీ చెప్పులు కుట్టే తాతకు చెప్పులు లేవు.

సేత్తూరు నుంచి తళవాయిపురం దాకా అందరూ చూశారు. బస్సు దిగినవాళ్లు అరటిపళ్లు పెడుతున్నారు, పట్టా మీద చిల్లర వేస్తున్నారు. కుట్టమని చెప్పులు మాత్రం ఎవరూ ఇవ్వడం లేదు. పదిహేనేళ్లుగా ఆయన దగ్గరే కుట్టించుకునే వేదనాయకి టీచర్ కూడా ఇడ్లీ పొట్లంతో వచ్చింది. ఆమె చెప్పు పట్టీ తెగి, పిన్నీసు గుచ్చి ఉంది.

"అది ఇట్లియ్యండి టీచర్."

"వద్దులే పేచ్చిముత్తు. ఈ వయసులో నిన్ను కష్టపెట్టేదా?"

ఆయనకు తల తీసేసినట్టయింది. పని పోతే పేచ్చిముత్తు దగ్గర ఇంకేముంది, ముసలితనం తప్ప.

ఇంటికెళ్లి కూతురు ఇలక్కియా ఫోనులో ఆ వీడియో రెండుసార్లు చూశాడు.

"వేరే చోట కూర్చుంటావా నాయనా?" అంది ఆమె.

"నేను ఏంటికి మారేది? మీ తాత చెప్పులు కుట్టినాడు, వేసుకోని పెద్ద వీదిలో నడవనిచ్చినారా? చంకలో పెట్టుకోని పోయినాడు. నేను వేసుకోని నడిచినాను. ఇప్పుడు నాకు చెప్పులే లేవని వాడు ఊరంతా చాటినాడు."

పది రోజులకు విమల్ మళ్లీ వచ్చాడు. తాత ఇప్పుడెలా ఉన్నాడో చూపాలట. సత్రపట్టి బస్సు కోసం నిలబడ్డ జనం మూగారు.

"ఫోను తిరుగుతా ఉందా తంబి?" అని అడిగాడు పేచ్చిముత్తు.

"ఉంది తాతా."

ఆయన పట్టా దిగి, వెనకనున్న చెప్పులు తొడుక్కుని నిలబడ్డాడు. "ఇవి నావి. నేను కుట్టినవి. పనిలో కూర్చుంటే విప్పుతాను, అది నా తొళిల్‌కు, ఈ పనికి మరియాద. అడిగింటే చెప్పింటాను. నువ్వు అడగలేదు."

పట్టా పక్కన పడున్న, విమల్ దానమిచ్చిన జతను అందుకుని ఒక చెప్పు అతుకులో బొటనవేలు దూర్చాడు. అడుగు అరటితొక్కలా ఊడొచ్చింది. లోపల అట్ట.

"దీన్ని చేతిలో పెట్టి నన్ను పేదోణ్ణి చేసినావు."

జనంలో ఎవరో నవ్వారు. విమల్ ఫోను దించబోయాడు.

"దించొద్దు. నా కాళ్లను ఊరంతా చూసింది, నా చేతుల్ని కూడా చూడనీ."

చెప్పులు విప్పి పట్టా మీద కూర్చున్నాడు. అట్ట పీకేసి తోలు వేసి, మైనం రాసిన దారంతో చుట్టూ కుట్టాడు. తొందరపడలేదు. సత్రపట్టి బస్సు వచ్చి వెళ్లిపోయింది, సగం మంది ఎక్కలేదు.

"తప్పైపోయింది తాతా. ఆ వీడియో తీసేస్తాను."

"తీయొద్దు. దాని పక్కన ఇది పెట్టు." కుట్టిన జతను విమల్ ముందుంచాడు. "ఇప్పుడు నిలుస్తుంది. నువ్వే వేసుకో."

విమల్ బూట్లు విప్పి అవి తొడుక్కున్నాడు.

అతను వీడియో పెట్టాడో లేదో పేచ్చిముత్తు కనుక్కోలేదు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు తమ ఫోన్లలో తీసి పంపినవే సరిపోయాయి. రెండో రోజు పొద్దున వేదనాయకి టీచర్ వచ్చింది. ఇడ్లీలు లేవు. తెగిన చెప్పు విప్పి ఆయన ముందుకు చాచింది.

పేచ్చిముత్తు చెప్పు అందుకుని పిన్నీసు పీకి పారేశాడు. "ఇంకోసారి దీన్ని గుచ్చొద్దు టీచర్, తోలు చినిగిపోతుంది. సాయంకాలం రండి."